సోంపేట తోటల్లో పురుగులు తీయడానికి 35, 60, 100... ఏ మాక్రో లెన్స్?

సోంపేట వైపు నుంచి ఒక మాస్టారు అడిగారు. ఆయన దగ్గర కేనన్ 200డీ మార్క్ 2 ఉంది. కిట్‌లో వచ్చిన 18-55, 55-250 ఎస్‌టీఎం లెన్సులు ఉన్నాయి. ఇంటి చుట్టూ జీడి, కొబ్బరి తోటలు, కాస్త దూరంలో బీల (చిత్తడి నేల). సీతాకోకచిలుకలు, తూనీగలు, సాలీళ్లు, వానలు పడ్డాక ఆరుద్ర పురుగులు దగ్గరగా తీసి బళ్లో పిల్లలకు చూపించాలని ఆయన కోరిక. 30 వేలు పక్కన పెట్టుకున్నారు. చిన్నవాటిని దగ్గరగా, పెద్దగా తీసే మాక్రో లెన్సుల్లో 35 ఎంఎం కొనాలా, 60 కొనాలా, 100 కొనాలా? సెకండ్ హ్యాండ్ అయితే పర్లేదా? చేతి వణుకుని సర్దే ఐఎస్ లెన్స్‌లో లేకపోతే ఫొటో పాడవదా? ఇవీ ఆయన ప్రశ్నలు.

మాస్టారూ, ముందు సూటిగా చెప్పేస్తాను. 100 ఎంఎం తీసుకోండి. 60 వద్దు, మీ పనికి 35 అసలే వద్దు. కొత్తది అక్కర్లేదు. కేనన్ ఈఎఫ్ 100 ఎంఎం ఎఫ్2.8 మాక్రో యూఎస్‌ఎం అని, ముందు ఎర్ర గీత లేని పాత లెన్స్ ఒకటుంది. అది సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. కానీ 30 వేలూ దాని మీదే పెట్టేయకండి. ముందు ఒక ఫ్లాష్‌కి డబ్బు తీసి పక్కన పెట్టండి, మిగిలిన దాంతో లెన్స్ చూడండి. రెండిటికీ చాలకపోతే లెన్స్‌ని వాయిదా వేయండి, ఫ్లాష్‌ని కాదు. లెన్స్ కొనేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మీ 55-250 తోనే పని జరిగే దారి ఒకటుంది, అది కూడా చెప్తాను.

నేను విజయనగరం వాడిని. తాటిపూడి చుట్టుపక్కల, రామతీర్థం కొండ దగ్గర, అప్పుడప్పుడు మీ ఉద్దానం తోటల్లో పురుగులు తీస్తుంటాను. మన ప్రాంతంలో ఏ లెన్స్ పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నది అలా తిరిగి తెలుసుకున్నదే చెప్తున్నాను.

లెన్స్‌కీ పురుగుకీ మధ్య ఉండే ఖాళీ

దుకాణంలో అడిగితే ఎఫ్2.8 (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు), షార్ప్‌నెస్, బొకే (వెనక వచ్చే మసక) అని చెప్తారు. మాక్రో లెన్సుల్లో షార్ప్‌గా లేనిది దొరకడమే కష్టం. 35, 60, 100 మూడూ 1:1 దాకా వెళ్తాయి. 1:1 అంటే పురుగు ఎంత సైజు ఉందో సెన్సార్ మీద కూడా అంతే సైజులో పడుతుంది. మీ కెమెరా సెన్సార్ వెడల్పు 22 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే 1:1 దగ్గర ఫ్రేమ్ నిండా పట్టేది దాదాపు అంత వెడల్పే. ఈ విషయంలో మూడు లెన్సులకీ తేడా లేదు.

తేడా అంతా ఆ సైజు రావడానికి పురుగుకి ఎంత దగ్గరకి వెళ్లాలన్న దాంట్లో ఉంది. లెన్స్ మీద 'మినిమం ఫోకస్' అని రాసి ఉండే దూరం చూసి మోసపోకండి. ఆ దూరాన్ని లెన్స్ ముందు భాగం నుంచి కాదు, లోపల సెన్సార్ నుంచి కొలుస్తారు. కెమెరా పైన సున్నా మధ్యలోంచి గీత గీసినట్టు చిన్న గుర్తు ఉంటుంది చూడండి, అక్కడి నుంచి లెక్క. దాంట్లోంచి కెమెరా మందం, లెన్స్ పొడవు తీసేస్తే మిగిలేదే అసలు ఖాళీ. 35 ఎంఎంకి 1:1 దగ్గర ఆ ఖాళీ 3 సెంటీమీటర్లు మాత్రమే. 60కి 9 సెంటీమీటర్ల చిల్లర. 100కి 15 దాకా వస్తుంది. 180 ఎంఎం లెన్సులైతే పాతిక సెంటీమీటర్ల దగ్గరకి వస్తుంది గానీ వాటి బరువు, ధర మనం మోయలేం.

కాగితం మీద 9కీ 15కీ పెద్ద తేడా కనిపించదు. తోటలోకి వెళ్తే తెలుస్తుంది. మీ జీడితోటల్లో ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు ఉంటాయి కదా. జనవరి, ఫిబ్రవరిల్లో పూత మీద బారులు తీరి తిరుగుతుంటాయి. 60 ఎంఎంతో వాటిని ఫ్రేమ్ నిండా తీయాలంటే లెన్స్ కొమ్మకి బాగా దగ్గరగా పోతుంది. మీరు ఒక చీమని ఫోకస్ చేసేలోగా నాలుగు చీమలు హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) మీదికి, అక్కడి నుంచి మీ వేళ్ల మీదికి ఎక్కేస్తాయి. అవి కరిచి ఊరుకోవు, కరిచిన చోట ఆమ్లం కూడా చిమ్ముతాయి. 100తో అయితే కొమ్మ కదలకుండా, వాటి దారికి అడ్డం రాకుండా ఒక పక్కగా ఉండి తీసుకోవచ్చు.

ఆ చీమల బారులోనే మరో విచిత్రం దొరుకుతుంది, ఓపికగా చూడండి. చీమలా కనిపిస్తుంది గానీ చీమ కాదు, దూకే జాతి సాలీడు. ముందు కాళ్లు రెండూ పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తూ నడుస్తుంది. మగదైతే దవడలు ముందుకి బారుగా పొడుచుకొచ్చి, ఒక చీమ ఇంకో చీమని నోట కరుచుకుపోతున్నట్టు ఉంటుంది. అనుమానం వస్తే తల ముందు చూడండి, రెండు పెద్ద కళ్లు మెరుస్తుంటాయి. చీమకి అలాంటి కళ్లు ఉండవు. నీడ పడితే చాలు, ఆకు కిందికి జారిపోతుంది. దీన్ని 35 ఎంఎంతో తీయడం దాదాపు అసాధ్యం. 3 సెంటీమీటర్ల దూరంలో లెన్స్ నీడే దాని మీద పడుతుంది. ఆ 35 ఎంఎంకి ముందు భాగంలోనే చిన్న ఎల్‌ఈడీ లైట్లు ఇచ్చారు నిజమే. ఉంగరాలకి, నాణేలకి సరిపోతాయి. కదిలే పురుగుని ఆపేంత వెలుగు వాటికి లేదు.

పొడవు లెన్స్‌తో ఇంకో లాభం, వెనక కనిపించే మేర తగ్గుతుంది. మన పెరళ్లలో పురుగు వెనక ఏముంటుంది? సిమెంటు గోడ, నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, ఆరేసిన చీర. 100తో ఒక అడుగు పక్కకి జరిగితే అవన్నీ ఫ్రేమ్‌లోంచి పోయి వెనక పచ్చదనం మాత్రమే మిగులుతుంది. 35తో ఎంత జరిగినా డ్రమ్ము డ్రమ్ములాగే ఉంటుంది.

'పొడవు లెన్స్ అయితే ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది, 60 అయితే ఎక్కువ వస్తుంది' అని చాలామంది చెప్తారు. మాక్రోలో అది నిజం కాదు. పురుగు ఒకే సైజులో పడుతున్నప్పుడు, అపర్చర్ (ఆ ఎఫ్ అంకె) కూడా ఒకటే అయినప్పుడు లోతు దాదాపు సమానమే. మీ కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్8 పెడితే ఫోకస్‌లో ఉండేది ముప్పాతిక మిల్లీమీటరు కూడా కాదు. ఎఫ్2.8 పెడితే పావు మిల్లీమీటరు లోపు. అందుకే ఎఫ్2.8 కోసం ఎక్కువ డబ్బు పెట్టడం మాక్రోకి దండగ. దాన్ని తెరిచి తీసేది ఎప్పుడో గాని ఉండదు.

అసలు మీరు తీయాలనుకున్న వాటికి ఎంత మాక్రో కావాలి?

జిల్లేడు మీద వాలే నారింజ రంగు సీతాకోకచిలుక రెక్కలు విప్పితే 7, 8 సెంటీమీటర్లు ఉంటుంది. మీ 55-250 ఎస్‌టీఎం 250 దగ్గర, 85 సెంటీమీటర్ల దూరంలో దాదాపు అంతే వెడల్పుని ఫ్రేమ్ నిండా పడుతుంది. అంటే సీతాకోకచిలుకలకి, పెద్ద తూనీగలకి మీ దగ్గర ఉన్న లెన్స్ చాలు. పైగా అంత దూరం నుంచి తీస్తే అవి బెదరవు. బీల గట్ల మీద తూనీగలకి నేను ఇప్పటికీ మాక్రో లెన్స్ తీయను, జూమ్‌తోనే పని కానిస్తాను. కందిరీగల తుట్టెకీ అంతే. మాక్రో లెన్స్ ఉంది కదా అని తుట్టె దగ్గరకి వెళ్లే సరదా వద్దు.

నిమ్మ, కరివేపాకు చెట్ల మీద సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఉంటాయి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. పెద్దవి 4 సెంటీమీటర్లు దాటుతాయి, 1:2 సరిపోతుంది. ఆరుద్ర పురుగు సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. 1:1 దగ్గర ఫ్రేమ్‌లో సగం నింపుతుంది. దాని అందమంతా ఆ ఎర్ర మఖమల్ నూగులో ఉంది కాబట్టి 1:1 కావాల్సిందే. దూకే సాలీళ్లు 5 నుంచి 8 మిల్లీమీటర్లు, వీటి కళ్లు నిండుగా రావాలంటే 1:1 కూడా చాలదు.

మీ జాబితాలో మాక్రో లెన్స్ నిజంగా కావాల్సినవి సాలీళ్లు, చీమలు, ఆరుద్రలు. మూడూ చిన్నవి, కదిలేవి, చెట్టు నీడలో గానీ నేల మీద గానీ ఉండేవి. 100 అనడానికి, ఫ్లాష్ అనడానికి కారణం ఇదే.

ఐఎస్ గురించి

కేనన్‌లోనే ఎర్ర గీత ఉన్న 100 ఎంఎం ఎల్ ఐఎస్ 2009లో వచ్చింది. మంచి లెన్స్, కాదనను. అందులోని ఐఎస్ మామూలు దూరంలో 4 స్టాపులు (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెండింతలు లేదా సగం), 1:1 దగ్గర 2 స్టాపుల సాయం చేస్తుందని కంపెనీ లెక్క. కానీ అది ఆపేది పక్కలకి, పైకీ కిందికీ వచ్చే వణుకుని. 1:1 దగ్గర మన ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా ముందుకీ వెనక్కీ ఊగడం వల్ల. ఒంగి కూర్చుని ఊపిరి వదిలితే చాలు, తల ఒక మిల్లీమీటరు ముందుకి పోతుంది, ఫోకస్ కన్ను మీంచి వీపు మీదికి జారుతుంది. దాన్ని ఏ ఐఎస్సూ ఆపదు. పురుగు కదిలితేనూ ఆపదు, గాలికి ఆకు ఊగితేనూ ఆపదు. వీటన్నిట్లో చేతి వణుకునీ, ఆకు ఊగడాన్నీ, పురుగు కదలడాన్నీ ఆపేది ఫ్లాష్. ఫోకస్ జారడాన్ని ఆపేది అలవాటు, దాని సంగతి కింద రాస్తాను.

డబ్బుకి ఇబ్బంది లేకపోతే, పెళ్లిళ్లకీ పోర్ట్రెయిట్లకీ కూడా వాడతానంటే ఎల్ ఐఎస్ కొనుక్కోండి. పురుగులకే అయితే ఆ తేడా డబ్బు దండగ అనే అంటాను.

ఫ్లాష్, డిఫ్యూజర్

1:1 దగ్గరకి వెళ్లేసరికి లెన్స్‌లోంచి వచ్చే వెలుగు రెండు స్టాపులు పడిపోతుంది. ఎఫ్2.8 అని రాసి ఉన్నా నిజానికి ఎఫ్5.6లా పనిచేస్తుంది. (కేనన్ కెమెరా ఈ సంగతి తెరమీద చూపించదు. నికాన్ చూపిస్తుంది. అందుకే నికాన్ 105 కొన్న కొత్తవాళ్లు '2.8 పెడితే 4.8 అని చూపిస్తోంది, లెన్స్ పాడైందా?' అని కంగారు పడతారు. పాడవలేదు.) దానికి తోడు లోతు కోసం ఎఫ్8, ఎఫ్11 పెట్టాలి. జీడిచెట్టు నీడలో ఈ సెట్టింగ్‌తో మామూలు వెలుతురులో తీయాలంటే ఐఎస్ఓ (సెన్సార్ వెలుగుని పట్టే సున్నితత్వం) వేలల్లోకి పోతుంది, అయినా చాలదు.

నా సెట్టింగ్ దాదాపు ఎప్పుడూ ఇదే: మాన్యువల్ మోడ్, 1/200, ఎఫ్8 నుంచి ఎఫ్11, ఐఎస్ఓ 200, 400 మధ్య, ఫ్లాష్ 1/16 పవర్ దగ్గర మొదలుపెట్టి వెలుగుని బట్టి పెంచడం తగ్గించడం. ఎఫ్16 దాటి వెళ్లకండి. పైన చెప్పిన లెక్క ప్రకారం అది ఎఫ్32 అవుతుంది, చిన్న రంధ్రంలోంచి వెలుగు చెదిరే డిఫ్రాక్షన్ వల్ల బొమ్మంతా మెత్తబడిపోతుంది. 1/16 పవర్‌లో ఫ్లాష్ వెలిగి ఆరేది సెకనులో కొన్ని వేలవ వంతు సేపే. అంత తక్కువ సేపట్లో చేయి వణికినా, చీమ నడిచినా తెలియదు.

ఫ్లాష్‌ని నేరుగా కొడితే మాత్రం ఘోరంగా ఉంటుంది. ఆరుద్ర పురుగు ప్లాస్టిక్ బొత్తాంలా, పెంకు పురుగు వీపు మీద తెల్లటి మచ్చలా వస్తుంది. వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ కావాలి. కొనక్కర్లేదు. టీవీయో ఫ్రిజ్జో పార్సిల్‌లో చుట్టి వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటు ఉంటుంది కదా, దాన్ని రెండు పొరలు వేసి, ఫ్లాష్ నుంచి లెన్స్ ముందు భాగం దాకా వంగి వచ్చేట్టు రబ్బరు బ్యాండ్లతో కట్టండి. దాని పైన, పక్కల లోపలివైపు చిప్స్ ప్యాకెట్ వెండి రంగు పైకి కనిపించేట్టు అంటిస్తే వెలుగు వృథాగా పోదు. ముఖ్యమైన కిటుకు ఒక్కటే, ఆ తెల్ల షీటు పురుగుకి వీలైనంత దగ్గరగా, వీలైనంత పెద్దగా ఉండాలి. చూడ్డానికి వికారంగా ఉంటుంది, ఊళ్లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

మీ కెమెరా విషయంలో ఒక ముఖ్యమైన జాగ్రత్త. 200డీ మార్క్ 2 హాట్‌షూలో (కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు) మధ్య పిన్ లేదు. 1500డీ, 3000డీలలో కూడా అంతే. మధ్య పిన్ మీదే ఆధారపడే చవక మాన్యువల్ ఫ్లాష్‌లు దాని మీద వెలగవు. కేనన్ టీటీఎల్‌కి (కెమెరాయే ఫ్లాష్ వెలుగుని లెక్కగట్టే పద్ధతి) సరిపడే ఫ్లాష్ అయితేనే పనిచేస్తుంది. బయటి కంపెనీది కొంటే మీ కెమెరా పట్టుకెళ్లి, దాని మీద పెట్టి వెలిగించి చూశాకే డబ్బులివ్వండి. మొదట్లో కెమెరాలోనే ఉన్న చిన్న ఫ్లాష్‌తో, ఇదే ఫోమ్ షీటుతో కూడా మొదలుపెట్టొచ్చు. శక్తి తక్కువ, ఆగి ఆగి వెలుగుతుంది, అయినా నేర్చుకోవడానికి పనికొస్తుంది.

లెన్స్ కొనేదాకా: 55-250 ముందు రేనాక్స్

రేనాక్స్ డీసీఆర్-150, డీసీఆర్-250 అని రెండు చిన్న క్లోజప్ లెన్సులు ఉన్నాయి. క్లిప్పులా లెన్స్ ముందు తగిలిస్తారు. 52 నుంచి 67 ఎంఎం ఫిల్టర్ సైజుల దాకా పడతాయి, మీ 55-250ది 58 కాబట్టి సరిపోతుంది. 150 పవర్ 4.8 డయాప్టర్లు, 250ది 8. లెక్క తేలిక. 1000ని డయాప్టర్‌తో భాగిస్తే మిల్లీమీటర్లలో దాని ఫోకల్ లెంగ్త్ వస్తుంది. 150కి దాదాపు 208, 250కి 125. మీ జూమ్ 250 దగ్గర పెట్టి డీసీఆర్-150 తగిలిస్తే 250ని 208తో భాగించండి, 1.2 రెట్లు. అంటే 1:1 కన్నా ఎక్కువే. ఫోకస్ అనంతం దగ్గర పెడితే పురుగుకి దూరం 20 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. చూశారా, ఖాళీ విషయంలో ఇది 100 ఎంఎం మాక్రో కన్నా మెరుగు. జూమ్ తగ్గిస్తే సైజు తగ్గుతుంది, గొంగళిపురుగు నుంచి ఆరుద్ర దాకా అదే అమరికతో వస్తాయి.

మరి మాక్రో లెన్స్ ఎందుకు? రేనాక్స్ తగిలించాక ఆ కాస్త దూరంలో తప్ప ఇంకెక్కడా ఫోకస్ కాదు. సాలీడుని తీస్తుండగా పక్కన సీతాకోకచిలుక వాలితే క్లిప్పు పీకాలి, మళ్లీ పెట్టాలి. అంచుల్లో కొంచెం మెత్తగా ఉంటుంది. 100 ఎంఎం అయితే ఎదురుగా ఉన్న కొండనీ, మునివేలి మీది చీమనీ ఒకే లెన్స్‌తో తీస్తుంది. కానీ మీకు ఈ పని మీద ఆసక్తి నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి రేనాక్స్ చాలు. డీసీఆర్-150తో మొదలుపెట్టండి. డీసీఆర్-250 మరీ ఎక్కువ పవర్, కొత్తలో పురుగు ఫ్రేమ్‌లో దొరకదు. 100 ఎంఎం కొన్నాక కూడా రేనాక్స్ మూలన పడదు. దాని ముందు తగిలిస్తే 1:1 దాటి సాలీడు కళ్ల దాకా తీసుకెళ్తుంది.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, లెన్స్ తిప్పి పెట్టే రివర్స్ రింగులు కూడా ఉన్నాయి. 50 ఎంఎం లెన్స్ ఉన్నవాళ్లకి 36 ఎంఎం ట్యూబుతో దాదాపు 1:1 వస్తుంది. కానీ పురుగు లెన్స్‌కి ఆనేంత దగ్గరకి వెళ్లాలి. మీ దగ్గర 50 లేదు, వదిలేయండి.

ఇంకో చవక దారి, మన దగ్గరే ఉన్నది. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోల్లో ఉంగరాలు, తాళిబొట్టు, గోరింటాకు క్లోజప్‌ల కోసం 100 మాక్రో పెట్టుకుంటారు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, లెన్స్ బీరువాలో ఉంటుంది. ఆరుద్ర కార్తె వచ్చేది జూన్ మూడో వారం దాటాకే, అంటే ఎర్ర పురుగులు నేల మీదికి వచ్చేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. తెలిసిన స్టూడియో ఉంటే అద్దెకో, మాట మీదో నాలుగు రోజులు తెచ్చుకుని వాడి చూడండి. కొనాలో వద్దో మీ చేతులే చెప్తాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి

భయపడకండి, మాక్రో లెన్సులు గట్టివి. అందులోనూ ఈ 100 యూఎస్‌ఎం ఫోకస్ చేసేటప్పుడు పొడవు పెరగదు, లోపలే కదులుతుంది. కానీ మనది సముద్రం పక్క నేల. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా అందరికీ ఉన్న శత్రువు ఫంగస్. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. అంచుల దగ్గర సన్నని తెల్లటి నూలు పోగుల్లాంటివి కనిపిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. నాలుగైదు ధూళి రేణువులు ఉంటే పట్టించుకోవద్దు, ఫొటోలో రావు. ముందు అద్దం మీద చిన్న గీత కన్నా వెనక అద్దం మీద గీత ప్రమాదం. ఎఫ్16 పెట్టి ఒక ఫొటో తీయండి. ఎర్రర్ వస్తే అపర్చర్‌లో తేడా ఉందన్నమాట. ఆటోఫోకస్‌ని దగ్గర నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరకి నాలుగుసార్లు పరుగెత్తించండి. గరగరమన్నా, మధ్యలో ఆగినా మోటారు పోయే రోజులు దగ్గరపడ్డాయి. నేరుగా చూసి కొనండి. వైజాగ్ వెళ్లొచ్చే ఛార్జీలకి వెనకాడి కొరియర్‌లో తెప్పించుకోవద్దు.

ఇది ఈఎఫ్ లెన్స్ కాబట్టి రేపు మీరు కేనన్ మిర్రర్‌లెస్ కొన్నా అడాప్టర్ పెట్టి ఆటోఫోకస్‌తో సహా వాడుకోవచ్చు. 60, 35 ఈఎఫ్-ఎస్ రకం, మీ కెమెరాలాంటి చిన్న సెన్సార్లకి చేసినవి. అవి కూడా అడాప్టర్‌తో పడతాయి గానీ పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద ఫొటో అంచులు కత్తిరించుకుపోతాయి.

ఇంటికి తెచ్చాక కెమెరా బ్యాగులో పెట్టి అటక మీద వేయకండి. జూన్ నుంచి నవంబరు దాకా ఆ బ్యాగే ఫంగస్‌కి పుట్టిల్లు. వంటింట్లో వాడే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. రంగు మారే రకం సిలికా కొనండి, రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. ఆ పొడి అంతా ఫోకస్ రింగులోకి పోతుంది.

60 ఎవరికి?

నేను 60 వద్దన్నది పురుగుల కోసం. ఇక్కడ డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే ఒక మేడమ్‌కి నేనే 60 చెప్పాను. ఆవిడ తీసేది పూల కేసరాలు, గింజలు, ఆకుల ఈనెలు. అవి పారిపోవు, కరవవు. ట్రైపాడ్ వేసి టేబుల్ మీద పైనుంచి తీయడానికి 100 అయితే కుర్చీ ఎక్కాల్సి వస్తుంది, 60 హాయిగా సరిపోతుంది.

ఇది చదివే నికాన్ వాళ్లకి కూడా ఒక మాట. డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు లేదు. డీ5600 ఉన్న ఒక కుర్రాడు చవకగా దొరికిందని టోకినా 100 పాత మోడల్ కొనుక్కొచ్చాడు. ఫొటో వస్తుంది, ఆటోఫోకస్ రాదు. మాక్రోకి మాన్యువల్ చాలు కాబట్టి సర్దుకున్నాడు గానీ, పెళ్లిళ్లలో వాడదామనుకున్న ఆశ పోయింది. లెన్స్‌లోనే మోటారు ఉందో లేదో అడిగి కొనండి. నికాన్ తన మాక్రో లెన్సుల్ని 'మైక్రో' అంటుంది, వెతికేటప్పుడు ఆ పేరుతో వెతకండి.

చేతిలోకి వచ్చాక

ఆటోఫోకస్ ఆపేయండి. రింగుని కావాల్సిన సైజు దగ్గర పెట్టి వదిలేసి, ఒళ్లే ముందుకి వెనక్కి మిల్లీమీటర్ల లెక్కన ఊపుతూ కన్ను మీద ఫోకస్ పడిన క్షణంలో నొక్కండి. పురుగు ఏదైనా కొమ్మ మీదో గడ్డిపోచ మీదో ఉంటే, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ పోచని మెల్లగా పట్టుకోండి. లెన్స్ ముందు భాగాన్ని అదే ఎడమ అరచేతి మడమ మీద ఆనించండి. ఇప్పుడు పోచ, చేయి, లెన్స్ అన్నీ కలిసే ఊగుతాయి, వాటి మధ్య దూరం మారదు. పోచని వేళ్లతో కొంచెం తిప్పితే ఫోకస్ కూడా అక్కడికక్కడ సరిచేసుకోవచ్చు. ట్రైపాడ్ మోసుకు తిరగడం కన్నా నాకు ఇదే నచ్చింది. 15 సెంటీమీటర్ల ఖాళీ ఉంటేనే ఇది కుదురుతుంది, 3 సెంటీమీటర్లలో చేయి పెట్టడానికే చోటుండదు.

వేళ విషయానికి వస్తే, డిసెంబరు, జనవరిల్లో పొద్దున్నే వెళ్లండి. రాత్రి చలికి పురుగుల ఒళ్లు బిగుసుకుపోయి, ఎండ తగిలేదాకా కదలవు. మంచు బొట్లతో తూనీగలు దొరుకుతాయి. ఎండెక్కాక సముద్రపు గాలి లేస్తుంది, ఇక మాక్రో పని కట్టిపెట్టడమే. చీకటిపడ్డాక టార్చ్‌తో పెరట్లో తిరిగినా సాలీళ్లు బాగా దొరుకుతాయి.

ఎప్పుడు వెళ్లినా మోకాలు కింద పెట్టే ముందు కర్రతో ఆకులు కదపండి. జీడి ఆకు మందంగా రాలిన చోట, పంట గట్ల మీద రక్తపింజరి ఉంటుంది, ఆ ఆకుల రంగులోనే కలిసిపోతుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి పక్కన ఏముందో తెలియదు. గమ్‌బూట్లు వేసుకోండి, మోకాళ్ల కిందికి పాత గోనె ఒకటి పట్టుకెళ్లండి. పిల్లల్ని తీసుకెళ్తే ఒకర్ని చుట్టూ చూడటానికే పెట్టండి.

పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసే వీడియోలు కనిపిస్తాయి, ఆ జోలికి వెళ్లకండి. మీ ఫొటోలు బళ్లో పిల్లలు చూస్తారు, ఎలా తీశారని అడుగుతారు.

ఫ్లాష్ ఏ మోడల్ దొరికిందో, లెన్స్ అమ్మేవాళ్లు ఎంత చెప్తున్నారో ఇక్కడ రాయండి. అమ్మేవాళ్లు పెట్టిన ఫొటోల్లో వెనక అద్దం, టార్చ్ వేసి తీసినది ఒకటి ఉంటే దాన్ని కూడా పెట్టండి, చూసి చెప్తాను.